స్నాతకోత్తర విద్యార్థి – అక్షర వ్యక్తిత్వము

కళాశాలలో చేరేనాడు ప్రతి విద్యార్థీ ఒక దరఖాస్తును పూరించవలసి ఉంటుంది. అందులో మాతృభాష ఏది అని ఒక గడి, ఇంతవరకు చదివిన మాధ్యమము ఏది అని మరొక గడి ఉంటాయి. మాలో పెక్కుమందికి ఈ రెండు గడులలోని సమాధానములు ఒక్కటి కావు. ఇకముందు పరీక్ష వ్రాయబోయే భాష ఆ రెంటికంటె భిన్నమైన మూడవది. ఆ దరఖాస్తు అడుగని ప్రశ్న మరొకటి ఉన్నది: “నీవు ఏ భాషలో వ్రాయగలవని నీకు నమ్మకమున్నది?” ఎం.ఏ., ఎం.కాం. తరగతులలో చదువుతున్న మేము కొందరము ఒక సాయంకాలము పఠన మందిరములో కూర్చుండి ఈ ప్రశ్నను ఒకరినొకరము అడిగి చూచుకొన్నాము. నిస్సంకోచముగా బదులు చెప్పగలిగినవారు మాలో ఒక్కరును లేరు. ఈ వ్యాసము ఆ మౌనము నుండి పుట్టినది.

విద్యార్థి తనను తాను చదువరిగా, వ్రాయగలవానిగా భావించుకొనే తీరునే మేమిక్కడ అక్షర వ్యక్తిత్వము అంటున్నాము. పట్టా చేతికి వచ్చిననాడు ఇది హఠాత్తుగా ప్రాప్తించేది కాదు. పలక పట్టిన నాటి నుండి ఎవరు చదివించినారు, ఎవరు దిద్దినారు, ఎవరు నవ్వినారు, ఎవరు మెచ్చినారు అనే అనుభవములన్నియు పొరలు పొరలుగా చేరి దీనిని రూపొందిస్తాయి. స్నాతకోత్తర విద్యకు వచ్చేసరికి ఆ పొరలు గట్టిపడి, “నా శక్తి ఇంతే” అనే తీర్పుగా మారిపోతాయి. ఆ తీర్పు తప్పు కావచ్చునని, దానిని మార్చగల ఆఖరి అవకాశములలో కళాశాలలోని ఈ రెండు సంవత్సరములు ముఖ్యమైనవని మా అభిప్రాయము.

మా బాల్యములను ఒక్కసారి పరిశీలించండి. మాలో కొందరు తొలి అక్షరములను ఇంటి ప్రక్క మసీదులోని మక్తబులో నేర్చుకొన్నారు. రెహల్ మీద గ్రంథము నుంచి, కుడి నుండి ఎడమకు వ్రేలు పెట్టి, అర్థము తెలియకున్నను స్వరము తప్పకుండ చదివినారు. అక్షరము పవిత్రమైనదని, కాగితము కాలికి తగులరాదని అక్కడ నేర్చుకొన్నారు. మరునాడు ఉదయము బడిలో అదే వ్రేలు ఎడమ నుండి కుడికి నడువవలసి వచ్చినది. మరికొందరు పల్లెలలో పెద్దబాలశిక్ష పట్టినవారు. తాత వార్తాపత్రికను బిగ్గరగా చదువుతుంటే అరుగు మీద కూర్చుండి విన్నవారు. పుట్టినిండ్లు వేరైనను ఒక్క విషయములో మా అందరి అనుభవమును ఒకే విధముగా ఉన్నది. చదువును గురించిన జ్ఞాపకములు మాకు తీయనివి. దాదీ ఒడి, తాత గొంతు, అద్దెకు తెచ్చుకొన్న కథల పుస్తకము, ఖాలా దాచి చదివిన నవల గుర్తుకు వస్తాయి. వ్రాతను గురించి అడిగితే మాత్రము జ్ఞాపకమునకు వచ్చేవి వేరు. నూరుసార్లు వ్రాయించిన శిక్ష, ఎఱ్ఱసిరా గీతలు, తరగతి నడుమ లేచి చదువవలసి వచ్చిన తప్పుల వాక్యము ముందు నిలుస్తాయి.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదని తెలిసి మేము ఆశ్చర్యపడినాము. డెబొరా బ్రాంట్ అనే అమెరికా పండితురాలు వేర్వేరు తరములకు చెందిన ఎనుబదిమందిని, వారి చదువు వ్రాతల చరిత్రలను అడిగి తెలుసుకొని, 2001 లో ఒక గ్రంథము వెలువరించినారు. ఆ కృషిలో ఆమె గమనించిన విశేషములలో ఇది ఒకటి: చదువును జనులు కుటుంబముతోను, ఆప్యాయతతోను కలిపి జ్ఞాపకము చేసుకొంటారు, వ్రాతను తలచుకొన్నప్పుడు ఏకాంతము, సంకోచము, కొన్నిసార్లు అవమానము ముందుకు వస్తాయి. మరొక మాట కూడ ఆమె చెప్పినారు. ఎవ్వడును తనంతట తాను అక్షరాస్యుడు కాడు. ఎవరో ఒకరు, ఏదో ఒక సంస్థ, తమ ప్రయోజనమును కూడ దృష్టిలో ఉంచుకొని అతనికి అక్షరమును అందిస్తారు, లేదా అందకుండ చేస్తారు. సముద్రముల ఆవల చెప్పిన మాట అయినను ఇది మా బస్తీలకు, మా పల్లెలకు చక్కగా సరిపోతున్నది.

మాకు అక్షరమును అందించినవారే ఒక్కొక్కప్పుడు మా నోటి మాటను మా చేతనే అసహ్యింపజేసినారు. ఇంటిలో “హౌ”, “నక్కో” అనే దక్కనీ పిల్లవానికి ఉర్దూ తరగతిలో అది శుద్ధమైన ఉర్దూ కాదని చెప్పినారు. “గిట్ల”, “గట్ల” అనే తెలంగాణ పిల్లవానికి తెలుగు తరగతిలో అది పుస్తక భాష కాదని చెప్పినారు. పిదప ఆంగ్ల మాధ్యమములో చేరగా ఆ ఉర్దూయు, ఈ తెలుగును కూడ వాకిట విడిచి రావలసిన పాదరక్షల వంటివైనవి. గోలకొండను 1580 నుండి 1612 వరకు ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ దక్కనీలోనే కవిత్వము వ్రాసి, ఉర్దూ సాహిత్య చరిత్రలో తొలి దీవాను కర్తగా ప్రసిద్ధి కెక్కినాడన్న సంగతి మాకు ఎం.ఏ. తరగతికి వచ్చిన తరువాతగాని తెలియలేదు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించినారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితము చేసినాడు. బాల్యముననే ఈ రెండు ముక్కలు ఎవరైన చెప్పి ఉన్నచో, మా నాలుక మీది మాటను చూచి మేము సిగ్గుపడి ఉండేవారము కాము.

వ్రాయగలమా లేదా అనే శంక వ్యక్తులకే గాక ప్రాంతములకును కలుగుతుంది. నిజాం రాష్ట్రములో తెలుగు కవులే లేరని ఒకరు ఆక్షేపించగా, దానికి ప్రతిగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934 లో గోలకొండ కవుల సంచికను ప్రకటించినారు. 354 మంది కవులను అందులో లోకమునకు చూపినారు. ఆక్షేపణకు ఆయన కోపముతో బదులు చెప్పలేదు, పేర్లతోను పద్యములతోను బదులు చెప్పినారు. ఒక జాతి అక్షర వ్యక్తిత్వమును నిలబెట్టుటకు ఇంతకంటె ఉత్తమమైన పద్ధతి మాకు తోచడము లేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర మరొక పాఠమును చెప్తున్నది. 1918 లో స్థాపితమైన ఆ విద్యాలయము ఉన్నత విద్యనంతటిని ఉర్దూలో బోధింప సంకల్పించినది. అంతకు ముందటి సంవత్సరమే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి, శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. దేశభాషలో విజ్ఞాన శాస్త్రమును, వైద్యమును కూడ చదువవచ్చునని, వ్రాయవచ్చునని ఆ ప్రయత్నము నిరూపించినది. దాని ఘనతను మేము మనసారా అంగీకరిస్తున్నాము. అయితే రాష్ట్రములో అధికసంఖ్యాకుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములకు ఆ గౌరవము దక్కలేదన్నది కూడ సత్యమే. అంతకు పూర్వమే 1901 లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు ప్రజల పూనికతో వెలసినవి. 1948 తరువాత విశ్వవిద్యాలయ బోధన ఆంగ్లమునకు మారినది. నిన్నటివరకు ఒక లిపిలో పండితులుగా ఉన్నవారు మరునాటికి వేరొక లిపి ముందు తడబడవలసి వచ్చినది. పండితుడు, పామరుడు అనే భేదములో కొంత భాగము మనిషి తెలివిని బట్టి గాక, ఆనాటి ఏర్పాటును బట్టి కలుగుతున్నదని దీనివలన గ్రహించవచ్చును. 1998 లో మన నగరములోనే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడడము, 2017 లో తెలంగాణ అంతటను ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించడము హర్షణీయములు. కాని చట్టము నామఫలకము మీద అక్షరమును నిలుపగలదే గాని, విద్యార్థి చేతిలోనికి కలమును తేలేదు.

ఇక తెలుగు పక్షమున గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పోరాటమును స్మరించక తప్పదు. ఎవ్వరును మాట్లాడని భాషలో వ్రాయుమంటే పిల్లలకు వ్రాత ఎట్లు పట్టుపడుతుందని ఆయన ప్రశ్నించినారు. 1914 లో గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతి పత్రములో ఈ వాదమునే బలపరచినారు. ఈ పోరాటము గెలిచినదని మనము తరచుగా చెప్పుకొంటాము. పత్రికలలో, కథలలో గెలిచిన మాట వాస్తవమే. కాని తరగతి గదిలో, పరిశోధన వ్యాసములో గెలిచినదా? ఈ వ్యాసమునైనను మేము ఇండ్లలో మాట్లాడే భాషలో వ్రాయలేదు. వార్షిక సంచికలో అచ్చు కావలెనంటే ఇట్లు వ్రాయవలెనని ఎవ్వరును చెప్పకనే మా చేతులు మారిపోయినవి. ఈ బలహీనతను దాచుకొనుట మాకు ఇష్టము లేదు.

గత సంవత్సరము జరిగిన ఒక సంఘటనను ఇక్కడ ప్రస్తావిస్తాము. మొదటి సెమినారుకు ఒక్కొక్కరు ఐదు పుటల వ్యాసము సమర్పించవలెనని అధ్యాపకులు ఆదేశించినారు. అందరమును సకాలములోనే సమర్పించినాము. అధ్యాపకులు వాటిని చదివి, ఎవ్వరిని మందలించక, ఒక్కొక్కరి చేతికి వారి కాగితములను తిరిగి ఇచ్చి, “ఇందులో నీ స్వంత వాక్యము క్రింద గీత గీసి ఇయ్యి” అన్నారు. గీత గీయడానికి మాకు స్థలము దొరకలేదు. గైడు నుండి ఒక పేరా, అంతర్జాలము నుండి రెండు పేరాలు, పాత విద్యార్థి నోట్సు నుండి మిగిలినది – ఇదియే మా ఐదు పుటల చరిత్ర. మేము దొంగలము కావలెనని ఆ పని చేయలేదు. పెద్దలు వ్రాసినదే వ్రాత అని, మా వాక్యము తప్పుల తడిక అని నిజముగా నమ్మి చేసినాము. తప్పు తప్పే, దానికి క్షమాపణ చెప్పుకొన్నాము. కాని ఆ నమ్మకము ఎక్కడిదో వెదుకకుండ తప్పును మాత్రమే శిక్షిస్తే ఫలమేమి?

అదే తరగతిలో ఒక సోదరి “నాకు వ్రాయడము రాదు” అని కన్నీరు పెట్టుకొన్నది. చదువు మానివేస్తానని కూడ అన్నది. పిదప మాటల సందర్భమున తెలిసినదేమనగా, ఆమె పదవ తరగతి నాటి నుండి తన బస్తీలోని వారందరికిని అర్జీలు వ్రాసిపెడుతున్నది. వితంతువుల పింఛనుకు తెలుగులో, గల్ఫు దేశములలోని బిడ్డలకు ఉర్దూలో, బ్యాంకు వారికి ఆంగ్లములో వ్రాస్తున్నది. ఎవరికి ఏ మాట ముందు చెప్పవలెనో, ఏది దాచవలెనో, ఏ అధికారిని ఏ విధముగా సంబోధించవలెనో ఆమెకు తెలుసు. మూడు భాషలలో, మూడు విధముల పాఠకులకు వ్రాయగల ఆమె తనకు వ్రాత రాదని అంటున్నది! ఆ అర్జీలకు మార్కులు లేవు గనుక అవి వ్రాతలే కావని ఆమె అనుకొన్నది. కళాశాల కూడ ఆమెను ఎన్నడును అడుగలేదు. మరొక మిత్రుని తండ్రిగారు ఛత్తాబజారులో కాతిబుగా జీవితమంతయు ఇతరుల మాటలకు అందమైన లిపిని ఇచ్చినారు. కంప్యూటరులో ఉర్దూ అక్షరములు వచ్చిన పిదప ఆ వృత్తి సన్నగిల్లినది. ఆ ఇంటిలో పుట్టి పెరిగిన మా మిత్రుడు, “మాది వ్రాసేవారి కుటుంబము కాదు, వ్రాసిపెట్టేవారి కుటుంబము” అంటాడు. ఈ మాటలోని బాధను పెద్దలు గమనింప ప్రార్థన.

పరిశోధనలో చౌర్యమును అరికట్టుటకై విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018 లో నియమావళిని విడుదల చేసినది. ఇతరుల రచనతో 10 శాతము వరకు పోలిక ఉంటే దండన లేదు. 60 శాతమును మించినచో విద్యార్థి నమోదునే రద్దు చేయవచ్చును. నియమము అవసరమే. కాని పోలికను కొలిచే యంత్రము పరాయి వాక్యమును పట్టుకోగలదే గాని, స్వంత వాక్యమును పుట్టింపలేదు. యంత్రమునకు భయపడినవాడు మాటలను అటునిటు మార్చుట నేర్చుకొంటాడు, లేక రుసుము పుచ్చుకొని ప్రాజెక్టులు తయారు చేసి యిచ్చే దుకాణమునకు పోతాడు. ఇప్పుడు కృత్రిమ మేధ అనే క్రొత్త సాధనము కూడ వచ్చి, అడిగినంతలో ఎన్ని పుటలనైనను వ్రాసి పెట్టుతున్నది. తన వ్రాత మీద నమ్మకము లేని విద్యార్థికి ఇది చక్కని సహాయముగా తోస్తుంది. నిజమునకు అది అతని అపనమ్మకమును శాశ్వతము చేస్తుంది.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: ఉద్యోగములకు ఆంగ్లము కావలసి ఉండగా ఉర్దూ, తెలుగు వ్రాతల గొడవ ఎందుకు? మేము ఆంగ్లమును నిరాకరించడము లేదు, మాకది కావలెను. అయితే ఏ భాషలోను ఒక ఆలోచనను మొదటి నుండి తుది వరకు నడిపించి ఎరుగనివాడు ఆంగ్లములో మాత్రము ఎట్లు నడిపించగలడు? ఉర్దూలోనో తెలుగులోనో ఐదు పుటలు నిజాయితీగా వ్రాసినవానికి ఆంగ్లములోనికి తీసుకొనిపోవుటకు ఒక సరకైన ఉంటుంది. రెండవ ఆక్షేపణ: నేటి విద్యార్థులు చదువరు, చేతిలోని ఫోను చూచుకొంటారు. ఇందులో కొంత నిజమున్నది, మేము తప్పించుకోము. కాని ఆ ఫోనులో మేము రోజంతయు వ్రాస్తూనే ఉన్నాము. ఉర్దూను, తెలుగును ఆంగ్ల లిపిలో వ్రాస్తున్నాము. ఇది అక్షరమునకు దూరమవడమా, దగ్గరవడమా అని మాకే సందేహము. ఒకటి మాత్రము నిశ్చయము: వ్రాయవలెననే కోరిక చావలేదు, దానికి తగిన చోటు లేదు.

కావున కళాశాల సంఘము వారికి, అధ్యాపకులకు మా విన్నపములు ఇవి.

మొదటిది, స్నాతకోత్తర తరగతులలో చేరిన ప్రతి విద్యార్థి చేతను మొదటి మాసములోనే తన చదువు వ్రాతల చరిత్రను తనకు నచ్చిన భాషలో, నచ్చిన లిపిలో వ్రాయించవలెను. దానికి మార్కులు వద్దు. తప్పుల క్రింద గీతలు వద్దు. బస్తీవారికి అర్జీలు వ్రాసే విద్యార్థిని ఎవరో, రాత్రివేళ కవిత వ్రాసి దాచుకొనేవాడెవడో అప్పుడు అధ్యాపకులకు తెలుస్తుంది.

రెండవది, పరిశోధన వ్యాసమును తుది దశలో ఒక్కసారి చూచే పద్ధతి మాని, చిత్తుప్రతులను కనీసము మూడుసార్లు చూడవలెను. మొదటి చిత్తు మాతృభాషలో ఉండుటకు అనుమతి ఇవ్వవలెను. పెద్ద రచయితలు సైతము కొట్టివేసి తిరిగి వ్రాస్తారని మాకు ఎవ్వరును చూపలేదు. కనుకనే మొదటి వాక్యము చెడిపోగానే మేము చేతులెత్తివేస్తున్నాము.

మూడవది, పఠన మందిరమును సాయంకాలము మరి రెండు గంటలు తెరచి ఉంచవలెను. ఉదయము పనికి పోయి వచ్చే విద్యార్థులకు అంతకంటె వేరు సమయము లేదు. విద్యార్థినులు నిర్భయముగా కూర్చుండి, నిర్భయముగా ఇల్లు చేరే ఏర్పాటు అందులో భాగము కావలెను.

నాలుగవది, ఈ సంచికలోనే ఉర్దూ భాగము నుండి కొన్ని రచనలను తెలుగులోనికి, తెలుగు భాగము నుండి కొన్నింటిని ఉర్దూలోనికి విద్యార్థుల చేతనే అనువదింపజేయవలెను. గాలిబును దాశరథిగారు, అమ్జద్ రుబాయీలను సామల సదాశివగారు మనకు తెలుగులో అందించినారు. అటువంటివారు రెండు భాషలను రెండు చేతులుగా భావించిన నేల ఇది. దరఖాస్తు, జవాబు, తారీఖు, రసీదు అనే మాటలను తెలుగు ఏనాడో ఆ పక్షము నుండి తెచ్చుకొన్నది. తుదకు కలము, కాగితము అనే మాటలును అక్కడివే. మాటలు ఇంత తేలికగా దాటిన గోడను విద్యార్థులు దాటలేరా?

ఇక సోదర సోదరీమణులకు ఒక్క మాట. అన్నియు సంఘము వారే చేయవలెనని కూర్చుండుట మనకు తగదు. ఈ సంవత్సరము మేమొక కట్టుబాటు చేసుకొన్నాము. మా లఘు పరిశోధన వ్యాసములను ఏ దుకాణములోను కొనము, ఏ యంత్రము చేతను వ్రాయించము. ప్రతి గురువారము ఒకరు తాము వ్రాసిన ఒక్క పుటను తక్కినవారికి చదివి వినిపిస్తారు. వినేవారు మొదట మెచ్చదగిన వాక్యమును చూపవలెను, పిదపనే దోషమును చెప్పవలెను. చదువు మానివేస్తానన్న ఆ సోదరి మూడవ వారము తన పుటను చదివినది. అది ఒక వృద్ధురాలి పింఛను అర్జీ కథ. చదువుట పూర్తియైన తరువాత కొంతసేపు మేమెవ్వరమును మాట్లాడలేదు. ఆమె ఇంకను మా తరగతిలోనే ఉన్నది.

ఈ సంచికను చేతిలోనికి తీసుకొన్నవారు ఒక విశేషమును గమనించే ఉంటారు. తెలుగు పుటలు ఒక అట్ట నుండి, ఉర్దూ పుటలు రెండవ అట్ట నుండి మొదలై నడుమ కలుసుకొంటాయి. మనలో చాలామంది తమకు వచ్చిన భాగమును చదివి, ఆ నడిమి పుట దగ్గర ఆగిపోతారు. రాబోయే సంవత్సరము ఆ పుటను దాటి చదివేవారును, దాటి వ్రాసేవారును కొందరైన మన కళాశాలలో తయారు కాగలరని, అందుకు పెద్దల ఆశీస్సులు, సంఘము వారి సహకారము లభించగలవని మేము హృదయపూర్వకముగా ఆశిస్తున్నాము.